నెబో కొండ మీదినుంచి

మొజాయిక్ అనగానే మనకు ఇంటి గచ్చు జ్ఞాపకం వస్తుంది. జోర్డాను దేశంలోని మాదబా పట్టణంలో మేము చూచినది కూడా గచ్చే. కాని ఆ గచ్చు మీద ఒక దేశమే వున్నది.

మాదబా, అమ్మాను నగరానికి నైరుతిగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన వున్నది. 1880 ప్రాంతాన కరక్ అనే చోటినుంచి కొన్ని క్రైస్తవ కుటుంబాలు వలస వచ్చి, ఆ పాడుదిబ్బల మీద ఇండ్లు కట్టుకొన్నవి. పునాదులు త్రవ్వితే పాత గుడుల రంగు నేలలు బయటపడసాగినవి. అట్టి పాత గుడి స్థలం మీదనే 1896లో సెయింట్ జార్జి చర్చి కట్టడం పూర్తి అయినది.

దాని లోపలి దేశపటము క్రీస్తు శకం 6వ శతాబ్దం నాటిది. పవిత్ర దేశపు పటాలలో నేటికి మిగిలినవాటిలో ఇంతకన్న పాతది లేదు. చిన్న చిన్న రంగురాళ్లు ఒకదాని ప్రక్క నొకటి పొదిగి దీనిని చేశారు. మొదట 20 లక్షల రాళ్లకు పైగా పట్టి వుంటవని అంచనా. చాలా భాగం పోయినది. ఊళ్ల పేర్లన్నీ గ్రీకు భాషలో వున్నవి. పటానికి పైవైపు ఉత్తరం కాదు, తూర్పు. తూర్పు ముఖంగా నిలబడితే పటంలోని దిక్కులూ నేల మీది దిక్కులూ సరిపోతవి. జెరూసలేము కోడిగ్రుడ్డు ఆకారంలో, నడుమ స్తంభాల వీధితో కనబడుతుంది. యొర్దాను నది మృతసముద్రంలో కలిసేచోట ఒక చేప వెనుదిరిగి ఈదుతున్నది. ఆ ఉప్పునీట చేప బ్రతకదు గదా! పనివాని చమత్కారానికి మేమందరం నవ్వుకొన్నాము.

అక్కడినుంచి నెబో కొండ సుమారు 10 కిలోమీటర్లు. ఎత్తు 700 మీటర్లకు పైమాట. ప్రజలను 40 ఏండ్లు ఎడారిలో నడిపించిన మోషే, ఈ కొండమీదినుంచి ఆ దేశాన్ని కంటితో చూచి, యొర్దాను దాటకుండానే 120వ యేట కన్నుమూశాడని బైబిలు చెబుతున్నది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1932లో ఈ స్థలాన్ని కొని, మరుసటి యేడు త్రవ్వకాలు మొదలుపెట్టారు. ఇక్కడి గుడిలో పైనేల తీయగా 1976లో దాని క్రింద ఇంకొక నేల కనబడినది. అది 530వ సంవత్సరానిది. వేటగాండ్రు, గొర్రెల కాపరి, ఒంటె, ఉష్ట్రపక్షి - రంగులు నిన్న వేసినట్లున్నవి. పనివారి పేర్లు కూడా వ్రాసి వున్నవి.

కొండ అంచున ఏ ఊరు ఏ దిక్కున ఎంత దూరమో తెలిపే పలక వున్నది. జెరూసలేము 46 కిలోమీటర్లట. ఆనాడు మంచు తెర అడ్డుపడి ఏమీ కనబడలేదు. "పలక చూచి నమ్మవలసిందే" అన్నది మా ఇంటావిడ.

ఆ మాటకు మాకు మా నాయనగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన పుట్టి పెరిగినది కోయంబత్తూరులో. పెన్న ఒడ్డున వున్న మా పూర్వుల ఊరిని ఎన్నడూ చూడలేదు. అయినా చెరువు కట్టా, చింతతోపూ, గుడి వీధీ తన తండ్రి నోట విన్నవి విన్నట్లే మాకు చెప్పేవారు. ఆయన మనస్సులోనూ అట్టి పట మొకటి వుండేది. "ఒక్కసారి తీసుకొనిపోరా" అని అడిగినప్పుడల్లా, "వచ్చే వేసవికి పోదాం నాయనా" అనేవారము. ఎన్నో వేసవులు గడిచినవి. ఆయన పోయారు.

మోషేకు నది దాటడానికి దేవుని సెలవు లేదు. మా నాయనగారికి ఎవరు అడ్డు? రైలు టిక్కెట్టు కొనవలసినవారము మేమే.

కొండ దిగుతూ, ఈ సంక్రాంతికి పిల్లలతో ఆ ఊరు పోవాలని నిశ్చయించుకొన్నాము. మన ఇండ్లలో ఇట్టి పటాలు మోసే పెద్దలు ఇంకా వున్నారు. వారు ఊరి పేరు తలచినప్పుడు, పాఠకులు వచ్చే వేసవి అనవద్దని మనవి.