వెలితి

వరంగల్లు చుట్టుపట్ల తాటివనముల నడుమ పెరిగిన బాలునకు కల్లు పులియుట క్రొత్త సంగతి కాదు. లొట్టిలో నురుగు పొంగుటయు, ప్రొద్దెక్కినకొలది తీపి తగ్గి పులుపు హెచ్చుటయు వాడు కన్నులార చూచినవే. అయినను బడిలో వానికి కిణ్వప్రక్రియ, అవక్షేపము అను మాటలే వినవచ్చును. పులియుట, మడ్డి అన్నచో శాస్త్రగౌరవమునకు లోపము కలుగునని పాఠ్యగ్రంథకర్తల భయము కాబోలు!

ఈ భయమువలన పోవునవి మాటలు మాత్రమే కావు, వానిలోని తెలివియు పోవుచున్నది. ఇంట ద్రాక్షమద్యము చేయువారు పొంగు అణగిన పిదప రెండు పనులు తప్పక చేయుదురు. అడుగున పేరుకొన్న మడ్డి కదలకుండ పైతేటను గొట్టముతో వేఱొక పాత్రలోనికి దించుట మొదటిది. ఆ పాత్రను మూతిదాక నింపి వెలితి పూడ్చుట రెండవది. మడ్డి చాలవఱకు చచ్చిన ఈస్టు కణముల ముద్ద. తేట దానిపై చిరకాలము నిలిచినచో దుర్వాసన పట్టును. వెలితి యున్నచోట గాలి యుండును. గాలి దొరికిన కొన్ని సూక్ష్మజీవులు మద్యమును సిర్కాగా మార్చివేయును. ఇట్టి తెగుళ్లు సూక్ష్మజీవుల పనియేనని పాశ్చర్ పండితుడు 1866లో ఒక గ్రంథమే వెలువరించెను. కొయ్యపీపాలలోనిది కొంత ఆవిరియై పోవును గనుక అప్పుడప్పుడు అట్టి మద్యమునే పోసి నింపుచుండవలెను.

మఱి ద్రాక్షారిష్టము సంగతి యేమి? అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల గల వరంగల్లులో ఈ ప్రశ్నకు దూరము పోనక్కఱలేదు. వైద్యులు కుండను మొదట అంచుదాక నింపరు. పొంగునకు చోటు విడిచి, వాసెన కట్టి, మట్టి మెత్తుదురు. పులియునపుడు పుట్టు బొగ్గుపులుసు గాలి వెలితిలోని గాలిని తానే తఱిమివేయును. పొంగునాడు మేలుచేసిన వెలితియే పొంగు అణగిన పిదప కీడు చేయును. నిండుకుండ తొణకదను సామెత యెఱిగిన విద్యార్థి, కుండను ఎప్పుడు నింపవలెనని కూడ అడుగవలదా?

పిల్లలకు మద్యపు ముచ్చట లేలయని కొందఱు పెద్ద లందురు. ఇడ్లీపిండి పులియుటకును వివరణ యిందే యున్నది. ఎఱుగుట వేఱు, త్రాగుట వేఱు. అంతకన్న చింతింపవలసిన దొకటి కలదు. గీతవృత్తివారి బిడ్డ తన యింటి మాటను తరగతిలో పలుకుటకు సిగ్గుపడును. పరీక్షలో అవక్షేపమని వ్రాసి మార్కు తెచ్చుకొనును. అది తన తండ్రి లొట్టి యడుగున నున్నదేయని వానికి చెప్పినవారు లేరు.