మెత్తదనం చేతకానితనం కాదు

గిటార్ వాద్యకారులు జిమ్ హాల్, పాట్ మెథీనీ 1998లో కలిసి వాయించిన జాజ్ ఆల్బమ్‌ను టెలార్క్ సంస్థ 1999లో విడుదల చేసింది. ఆల్బమ్ పేరు కూడా వాళ్ళిద్దరి పేర్లే. గిటార్లు తప్ప మరో వాద్యం లేదు, గాత్రం లేదు. ఇలాంటి రికార్డులను ఏదో పని చేసుకుంటూ పక్కన పెట్టుకునే హాయి సంగీతంగా జమకట్టడం రివాజైపోయింది. నెమ్మదిగా ఉంది కనుక శ్రమ తక్కువనీ, హోరు లేదు కనుక సాహసం లేదనీ ఆ అభిప్రాయం వెనకున్న వాదన. అది నిలవదు.

రెండు గిటార్ల జోడీకి మొదటి చిక్కు, రెండూ ఒకే స్థాయిలో పలకడం. ఇద్దరూ నిండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీటితే స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. పైగా బాస్, డ్రమ్స్ లేనప్పుడు లయనూ, మంద్ర స్వరాలనూ ఆ తీగలే మోయాలి. అంటే ఏది వాయించాలన్నదాని కంటే ఏది వదిలేయాలన్నదే పెద్ద నిర్ణయం. హాల్ ప్రతిభంతా ఇక్కడే ఉంది. 1962లో పియానో లేని సోనీ రోలిన్స్ బృందంలో 'ది బ్రిడ్జ్' ఆల్బమ్‌కు వాయించినా, అదే ఏడాది విడుదలైన 'అండర్‌కరెంట్'లో బిల్ ఎవాన్స్ పియానోకు జోడీగా వాయించినా, రెండు మూడు స్వరాలతోనే కార్డు రూపం స్ఫురింపజేసే పొదుపు ఆయనది. ఆ పొదుపును బద్ధకమనుకోవడం అన్యాయం.

హాల్, మెథీనీల ఆల్బమ్‌లో 'ఆల్ ది థింగ్స్ యూ ఆర్' వింటే సంగతి తెలుస్తుంది. జెరోమ్ కెర్న్ 1939లో కట్టిన ఆ పాట 36 బార్లలో ఐదు కీలు (ఆధార శ్రుతులు) తిరుగుతుంది. ఒకరు మనోధర్మంతో సాగుతుంటే, ఆ మలుపులన్నీ వినేవారికి అందేలా చూసే భారం రెండోవారిది. ఇక ఇదే ఆల్బమ్‌లోని ఐదు 'ఇంప్రొవైజేషన్' ముక్కలకు ముందే కట్టుకున్న బాణీ లేదు. ఒకరి చేతిలో పుట్టిన స్వరానికి రెండోవారు అక్కడికక్కడే బదులివ్వాలి. వీటిని విన్నవారెవరూ సాహసం లేదని అనలేరు. మెథీనీ ఈ ఆల్బమ్‌లో మెట్లు లేని గిటార్, 42 తీగల గిటార్ కూడా పట్టాడు.

నెమ్మది సులువన్న మాట అన్నిటికన్నా పొరపాటు. గిటార్ తీగ మీటిన మరుక్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. గాయకుడిలా, శాక్సొఫోన్‌లా ఊపిరితో నిలబెట్టే వీల్లేదు. ఆల్బమ్‌లోని 'ఫార్మర్స్ ట్రస్ట్' లాంటి విలంబ రచనలో ప్రతి మీటూ విడిగా వినబడుతుంది. వేగం ఉంటే ఒక తడబాటు పది స్వరాల మధ్య కలిసిపోతుంది. ఇక్కడ దాన్ని కప్పిపుచ్చడానికి డ్రమ్ము దెబ్బ కూడా లేదు.