ఆగ్రహము వేరు, ద్వేషము వేరు

జాతివివక్షపై నిప్పులు చెరిగే ఉపన్యాసాలు దానిని తగ్గిస్తాయా, పెంచుతాయా అనే ప్రశ్నకు అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ జీవితమే సమాధానం. తెల్లవారంతా పుట్టుకతోనే దయ్యాలని ఆయన ఏళ్ల తరబడి బోధించారు. అది వివక్షను తలక్రిందులు చేయడమే గాని తొలగించడం కాదు. 1964లో మక్కాయాత్రలో తెల్లవారితో కలిసి భుజించి, ప్రార్థించి వచ్చి, జాతినంతటినీ ఒకేగాట కట్టడం తప్పని బాహాటంగా ఒప్పుకొన్నారు. అయినా అన్యాయంపై ఆగ్రహం వీడలేదు. 1965 ఫిబ్రవరిలో హతులయ్యేవరకూ పోరాడారు.

శాంతం వహించమని బాధితులకు నీతులు చెప్పడం సులభం. అన్యాయం ఉన్నంతకాలం కోపమూ ఉంటుంది. అయితే ఆ కోపం చేతలను నిలదీస్తే వివక్షకు ఎదురు నిలుస్తుంది; పుట్టుకను నిందిస్తే దానికే ఎరువవుతుంది. వేదికలెక్కే పెద్దలు ఈ తేడాను గమనింతురు గాక!

— ఒక పాఠకుడు, బరంపురం