పాప ఎవరి చేతిలో ఉంది?

"తొమ్మిది నెలల పిల్లని సముద్రం దగ్గరికి తీసుకెళ్తారా? ఆ గాలి, ఆ ఉప్పునీళ్లు... వద్దు బాబూ" అంటుంది అమ్మమ్మ.

"పదమూడుమందిమి వెళ్తున్నాం అత్తయ్యా. ఒక్క పిల్లని చూసుకోలేమా?" అంటాడు అల్లుడు.

దాంతో అమ్మమ్మ నోటికి తాళం. మర్నాటికల్లా సూర్యలంకలో నాలుగు గదులు బుక్కయిపోతాయి. సంక్రాంతి సెలవులు దగ్గరపడితే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇదే వరస.

అమ్మమ్మ భయంలో కొంత నిజముంది. అల్లుడి ధీమాలో మాత్రం పెద్ద చిల్లే ఉంది. సముద్రపు గాలి తగిలితేనే పసిపిల్లలకు జబ్బు చేసేట్టయితే తీరంలో ఊళ్లే ఉండేవి కావు. ఎండ, నీళ్లు, ఇసుక... ఈ మూడింటితో ఎలా మసలాలో తెలుసుకుంటే చాలు. అసలు చిక్కంతా ఆ పదమూడుమందితోనే! మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటారు కదా. పాప మీద ఉండే చూపు కూడా అంతే.

ఎలాగంటారా? సాయంత్రం ఐదింటికి అందరూ ఇసుకలోకి దిగారనుకోండి. అమ్మకి కాళ్లు తడుపుకోవాలనిపించింది. పాపను ఆడపడుచు చేతికిచ్చింది. ఆవిడకి ఫొటో దిగమని అలల దగ్గర్నుంచి పిలుపొచ్చింది. పాపను పిన్ని ఒళ్లో కూర్చోబెట్టింది. పిన్ని జంతికల డబ్బా మూత తీయబోతూ "ఒక్క నిమిషం పట్టుకోరా" అని పదేళ్ల కొడుక్కి అప్పజెప్పింది. వాడికి బంతి కనిపించింది. పాపను చాప మీద దింపి పరుగెత్తాడు. చాప మీద తాతయ్య ఉన్నాడు కదా అని వాడి ధైర్యం. తాతయ్యేమో దూరంగా పోతున్న పడవను చూస్తున్నాడు. పాప తన బాధ్యతయిందని ఆయనకి తెలియనే తెలియదు.

ఇందులో తప్పెవరిది? అందరూ పాపంటే ప్రాణం పెట్టేవాళ్లే. కానీ పారాడే పిల్ల చాప దాటి, చెప్పుల దాకా వెళ్లి, గుప్పెడు ఇసుక నోట్లో పోసుకునేదాకా ఒక్కరూ చూడలేదు. ఇసుకతో పోయింది కాబట్టి సరిపోయింది. అదే చాప అలలకి ఇంకో పది అడుగులు దగ్గరగా పరిచి ఉంటే?

"పాప నీ దగ్గర..." "ఆ, నా దగ్గరే"

దీనికి మందు చాలా చిన్నది. పైసా ఖర్చు లేనిది. పాప చేతులు మారిన ప్రతిసారీ ఆ మాట పైకి అనాలి. "వదినా, పాప నీ దగ్గర" అని ఇచ్చేవాళ్లు చెప్పాలి. "ఆ, నా దగ్గరే" అని పుచ్చుకున్నవాళ్లు అనాలి. ఆ రెండో మాట వినపడందే మొదటివాళ్లు అక్కణ్నుంచి కదలకూడదు. కొత్తలో నవ్వులాటగానే ఉంటుంది. బాబాయిలు బస్సు కండక్టర్లలా "రైట్‌ రైట్‌" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. రెండోరోజుకి వాళ్లకీ అలవాటైపోతుంది.

ఇంకో సంగతి. పాప ఎవరి దగ్గర ఉంటే వాళ్ల ఫోను సంచిలో ఉండాలి. ఫోను చేతిలో ఉన్న మనిషి పక్కనే ఉన్నా లేనట్టే లెక్క. అరగంటకోసారి మనిషిని మార్చుకుంటే ఎవరికీ విసుగు రాదు. పిల్లలు పాపతో ఎంతసేపైనా ఆడుకోవచ్చు కానీ పాప వాళ్ల బాధ్యత కాకూడదు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యకి వరండాలో కుర్చీ వేసి పాపను ఒళ్లో పెడితే ఇద్దరికీ కాలక్షేపం. ఇసుకలో పాప వెంట పరుగెత్తమంటే మాత్రం ఆయన వల్ల అయ్యే పని కాదు. ఆయన మొహమాటానికి "సరే" అన్నా మీరు ఒప్పుకోకండి.

సముద్రం కన్నా బకెట్‌ దగ్గర

తీరంలో ఉన్నంతసేపూ అందరి కళ్లూ అలల మీదే ఉంటాయి. గదికి రాగానే "హమ్మయ్య" అనుకుంటారు. అక్కడే ఏమరుపాటు. సముద్రంలో తడిసొచ్చిన బట్టలు జాడించి, బకెట్‌ సగం నీళ్లతో అలాగే వదిలేసి భోజనానికి పోతారు. బాత్‌రూమ్‌ తలుపు ఓరగా ఉంటుంది. అన్నీ పట్టుకుని నిలబడటం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి బకెట్‌ అంచు మంచి ఆసరా. లోపలికి తొంగిచూస్తుంది. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. ముందుకి తూలితే తనంతట తాను లేవలేదు. రెండంగుళాల నీళ్లు చాలు... కేక కూడా వినపడదు.

అందుకే పని అవగానే బకెట్లు బోర్లించేయండి. బాత్‌రూమ్‌ తలుపుకి బయటి గొళ్లెం పెట్టండి. నాలుగు గదుల్లోనూ ఇదే పద్ధతి ఉండాలి. మీ గదిలో బోర్లించి, పక్క గదిలో పెద్దమ్మ వాళ్లు నింపి ఉంచితే లాభమేముంది? గదిలోకి అడుగుపెట్టగానే ఒక్కరు మోకాళ్ల మీద వంగి పాప ఎత్తు నుంచి ఓసారి చుట్టూ చూడాలి. వేలాడే కెటిల్‌ వైరు, కిందికే ఉన్న ప్లగ్గు, మూల దోమల చుట్ట, బాల్కనీ కమ్మీల మధ్య సందు అప్పుడే కనిపిస్తాయి. స్విమ్మింగ్‌పూల్‌ ఉన్న రిసార్టయితే పూల్‌వైపు తెరుచుకునే గది మీకొద్దని ముందే చెప్పండి.

ఇక అలల సంగతి. పాపకి సముద్రస్నానం చేయించి తీరాలనే పట్టుదల ఎవరికైనా ఉంటే మానిపించండి. తడి ఇసుక మీద కాళ్లు ఆనించి, నురగ వచ్చి తాకితే కేరింతలు కొడుతుంది. ఆ వయసుకి అదే సముద్రం. పిల్లను చంకనేసుకుని మోకాళ్ల లోతు వరకూ నడిచే మేనమామలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేస్తే గట్టి మనిషి కూడా పడిపోతాడు. రెండు చేతులూ పాపతో నిండి ఉన్నవాడు దేన్ని పట్టుకుంటాడు?

ఈదేవాళ్లకీ ఓ మాట. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక్కోచోట సన్నటి పాయలా చేరి వేగంగా లోపలికి లాగుతాయి. ఆ చోట అలలు విరగవు కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి. పక్కకి, ఒడ్డు వెంబడి ఈది ఆ పాయలోంచి బయటపడాలి. సూర్యలంకలోనైనా, విశాఖ ఆర్కే బీచ్‌లోనైనా ఇదే సూత్రం. చూడ్డానికి అంత అందంగా ఉండే ఆర్కే బీచ్‌ స్నానాలకు ఎంతమాత్రం మంచిది కాదు.

ఎండ విషయంలో అమ్మమ్మ మాటే సరైంది. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక... అంతే. మధ్యలో సరుగుడు చెట్ల నీడన ఉన్నా ఇసుక మీంచి, నీళ్ల మీంచి ఎండ కొడుతూనే ఉంటుంది. చేతులూ కాళ్లూ కప్పే పల్చటి నూలు బట్టలు, అంచున్న టోపీ చాలు. ఆరు నెలలలోపు పిల్లలకి సన్‌స్క్రీన్‌ జోలికి పోవద్దు. ఆపై వయసువాళ్లకి ఏది రాయాలో మీ డాక్టర్నే అడగండి. ఎండ తగలకూడదని తోపుడుబండిని దుప్పటితో మూసేస్తుంటారు కొందరు. గాలాడక లోపల ఉక్కతో ఉడికిపోతుంది. అలా అస్సలు చేయకండి. కంట్లో ఇసుక పడితే నలపనివ్వకుండా మంచినీళ్లతో కడగాలి.

తిండి దగ్గర పదమూడు నోళ్లూ ఒక్కసారే లేస్తాయి. ఒకరు చేపముక్క చిదిమి పెడదామంటారు, ముల్లు సంగతి మరిచిపోయి. ఇంకొకరు నాలుక మీద తేనె రాస్తే మంచిదంటారు. ఏడాది నిండేదాకా తేనె వద్దేవద్దు. ఇంటి నుంచి తెచ్చిన ఉగ్గుపొడి, వేడినీళ్ల ఫ్లాస్కు ఉంటే సగం బెంగ తీరినట్టే. కారం వేయకముందే కాస్త ముద్దపప్పు, మెత్తటి అన్నం తీసిపెట్టమంటే వంటవాళ్లు కాదనరు. తాగే నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే. పాప ఆరు నెలలలోపుదైతే తల్లిపాలే అన్నీ. ఎంత ఉక్కపోసినా మంచినీళ్లు, కొబ్బరినీళ్లు పట్టకుండా మాటిమాటికీ పాలివ్వాలి. డైపర్‌ గంటల తరబడి పొడిగా ఉందంటే ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకూడదు. మూడు నెలలలోపు పిల్లలకి జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే ఏ వేళయినా డాక్టరు దగ్గరికే. సూర్యలంక నుంచి బాపట్ల సుమారు 9 కిలోమీటర్లు. అక్కడ పిల్లల డాక్టరు ఎవరున్నారో, నంబరేమిటో బయల్దేరేముందే రాసిపెట్టుకోండి.

అమ్మకి సెలవెప్పుడు?

ఊరి నుంచి తిరిగొచ్చాక ఫొటోలు చూడండి. అందరి బట్టలూ తడిసి ఉంటాయి, ఒక్క పాప తల్లివి తప్ప! ఇంట్లో చేసే పనే అక్కడా చేసింది ఆవిడ. సీసాలు మరిగించింది, అన్నం చిదిమింది, డైపర్లు మార్చింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు చెప్పే సలహాలు అక్కడ పదిమంది చెప్పారు. అది చాలనట్టు "నువ్వెలాగూ పాపతో ఇక్కడే ఉంటావు కదా, ఈ చెప్పులు, ఫోన్లు కాస్త చూస్తుండు" అని అందరి సామాన్లకీ కాపలా! పాపతో కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టేనని ఎవరు కనిపెట్టారో కానీ, ఆ లెక్క అన్ని కుటుంబాల్లోనూ ఒక్కటే.

"నేనెత్తుకుంటే ఏడుస్తుంది" అంటాడు తండ్రి. నిజమే, ఏడుస్తుంది. రోజూ ఎత్తుకుంటే కదా అలవాటయ్యేది! ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచే రాత్రి నిద్రపుచ్చడం, పొద్దున ఉగ్గు తినిపించడం ఆయన మొదలుపెట్టాలి. అప్పుడు తీరంలో కనీసం రెండు గంటలు తల్లికి దొరుకుతాయి. పాలిచ్చి వెళ్తే ఆ రెండు గంటలూ ఎవరూ ఆవిణ్ని పిలవనక్కర్లేదు. అయితే ఆ మాట భర్త అంటే కోడలు మొహమాటపడుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనని ఒడ్డునే నిలబడిపోతుంది. అదే అత్తగారు "అమ్మాయ్‌, నువ్వెళ్లి కాసేపు ఆడిరా. పాప నా దగ్గర" అంటే ఇంకెవరూ నోరెత్తరు. ఆ ఒక్క మాటతో పదమూడుమంది వెళ్లినందుకు ప్రయోజనం దక్కినట్టే.

గదులు పంచుకునేటప్పుడూ ఇదే చూడాలి. పేకాట బృందానికి ఓ చివర, పాప ఉన్న గదికి ఇంకో చివర. కింది అంతస్తు అయితే పాలివ్వడానికి తల్లి మాటిమాటికీ మెట్లెక్కే బాధ ఉండదు. రాత్రి అందరూ ఒకే మంచం మీద సర్దుకోవడం సరదాగానే ఉంటుంది కానీ, నిద్రలో పెద్దవాళ్ల చేయో దుప్పటో పాప ముఖం మీద పడే ప్రమాదముంది. పాపకి వేరే పక్క, మెత్తలు లేకుండా, వెల్లకిలా. పైన దోమతెర.

ఎప్పుడు వెళ్లాలనేది చివరికి మిగిలిన ప్రశ్న. మే నెలలో ఇసుక మీద అడుగుపెట్టలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల బెడద. 2014లో హుద్‌హుద్‌ విశాఖను కుదిపేసింది అక్టోబరు 12నే. ఆ నెలల్లో వెళ్తే వాతావరణశాఖ హెచ్చరికలు చూసి, అవసరమైతే గదులు వదులుకోవడానికి సిద్ధంగా ఉండాలి. సంక్రాంతి సెలవులు, ఫిబ్రవరి అయితే చల్లగా ఉంటుంది. కాకపోతే ఆదివారాల జనం! వీలైతే మామూలు రోజుల్లో వెళ్లండి.

హైదరాబాద్‌ నుంచి కారులో ఆరు గంటలకు పైనే. ముందు సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ముద్దుగా ఉంటుందేమో కానీ బ్రేకు వేస్తే మొదటి దెబ్బ పాపకే. పిల్లల సీటు వెనక సీట్లో, పాప ముఖం వెనక్కి ఉండేలా బిగించండి. రెండు గంటలకోసారి ఆగండి. తిరుగు ప్రయాణం మాత్రం అందరూ తెమిలినప్పుడు కాదు, పాప మధ్యాహ్నం నిద్ర వేళకి పెట్టుకోండి. కడుపునిండా పాలు తాగి పడుకుందంటే గుంటూరు దాటేదాకా కళ్లు తెరవదు.