పాత యంత్రమునకు ఒక వంతెన

తీగతో మాత్రమే ఇంటర్నెట్‌ను అందుకొను పాత ఆటయంత్రమును పనికిరానిదని పారవేయుట వివేకము కాదు. 2005లో వెలువడిన ఎక్స్‌బాక్స్ 360లో ఈథర్నెట్ పోర్టు ఉన్నది గాని వైఫై లేదు. 2010 నాటి నమూనాతోనే అది యంత్రములో అంతర్భాగమైనది. పాత యంత్రమునకు 'వైర్‌లెస్ బ్రిడ్జి' అను చిన్న పెట్టె చాలును. ఇంటి వైఫై పేరును, పాస్‌వర్డును ఒకసారి తెలిపినచో, అది రౌటరు తరంగములను గ్రహించి తీగ ద్వారా యంత్రమునకు అందించును. మందమైన రాతిగోడలు తరంగములను బలహీనపరచును గావున దానిని రౌటరుకు చేరువగా ఉంచవలెను.

వాననీటిని బొట్టుబొట్టుగా లెక్కించి వాడుకొను ముదిగుబ్బవారికి పొదుపు విలువ తెలియనిది కాదు. కొత్త యంత్రము కొనలేని విద్యార్థి తోటివారి ఆటకు దూరము కారాదు. కావున విద్యార్థుల వినోదశాలలో అట్టి బ్రిడ్జినొకదానిని అమర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి. లోపము యంత్రమునది కాదు. నడుమ వంతెన లేకపోవుటయే.