మందు డబ్బా చెవి తెగితే తప్పు కూలీదా?

మందు డబ్బా వీపున వేసుకుని పత్తి చేలో దిగే కూలీ మీద 16 లీటర్ల మందునీళ్లు, డబ్బా కలిపి 20 కిలోల దాకా బరువు ఉంటుంది. అదంతా బెల్టుల కొక్కేలు తగిలించే ప్లాస్టిక్ చెవుల మీదే ఆగాలి. చెవి తెగిందా, డబ్బా ఒరిగి మందు వీపంతా కారుతుంది. మేము తిరిగే ఊళ్లలో ఇది చూశాం. ఒకచోట ఆసామి "నీకు మోయడం చేతకాలేదు" అని ఆ కూలీకి సగం కూలే ఇచ్చాడు. తప్పు నిజంగా ఎవరిది?

ప్లాస్టిక్ బలాన్ని కొలిచే లెక్క ఒకటుంది. అది ఇంజనీర్ల సొత్తు కాదు, మనమూ తెలుసుకోవాలి. రెండు కొసలూ పట్టి లాగితే తెగడం ఒక రకం. కత్తెర రెక్కల మధ్య పడ్డట్టు ఒక పక్క ఇటు, ఒక పక్క అటు నెట్టబడి తెగడం మరో రకం. ఈ రెండోదానికి తట్టుకునే శక్తిని కోత బలం అందాం.

దాన్ని కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎ.ఎస్.టి.ఎం. పెట్టిన పద్ధతి డి 732. ప్లాస్టిక్ రేకును గట్టిగా బిగించి, 25.4 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రటి ఉక్కు కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దించుతారు. రేకులోంచి బిళ్ల ఊడుతుంది. బిళ్ల చుట్టుకొలతను మందంతో హెచ్చిస్తే తెగిన వైశాల్యం వస్తుంది. పట్టిన బలాన్ని దానితో భాగిస్తే కోత బలం. రేకు మందం 3 మిల్లీమీటర్లయితే ఆ వైశాల్యం దాదాపు 240 చదరపు మిల్లీమీటర్లు. 480 కిలోల బలానికి తెగిందనుకుంటే, చదరపు మిల్లీమీటరుకు 2 కిలోలన్నమాట.

ఈ లెక్కన 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చెవి 60 కిలోలు ఆపాలి. ఒక్కో బెల్టు మీద పడేది 10 కిలోలు. అంటే ఆరింతల బలం! కాగితం మీద తెగని చెవి చేలో ఎందుకు తెగుతోంది?

ఎందుకంటే ఆ కొలత తీసేది 23 డిగ్రీల చల్లటి గదిలో, మామూలుగా కొత్త రేకు మీద. మన పని నడినెత్తిన ఎండలో. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి బలం తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఎండకు లోపలి అణువుల గొలుసులు తెగి పెళుసెక్కుతుంది. గట్టు దిగినప్పుడల్లా కుదుపు. దానికి తోడు ఖర్చు తగ్గించుకోవడానికి తుక్కు ప్లాస్టిక్‌ను మళ్లీ మళ్లీ కరిగించి పోస్తే, మొదటి బలమూ మిగలదు. ఇందులో కూలీ తప్పు ఎక్కడుంది?

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఒంటికి తగిలినా, పీల్చినా మందు విషమే. చెవి తెగితే ఆ విషం నేరుగా ఒంటి మీదికే వస్తుంది.

అందుకే మేము కోరేవి ఇవి. డబ్బాల చెవులను కొత్తగా ఉన్నప్పుడే కాదు, ఎండలో నానిన తర్వాత, వేడిలో, బరువు వేలాడదీసి, కుదిపి పరీక్షించాలి. ఎన్నేళ్లు వాడవచ్చో డబ్బా మీద తెలుగులో అచ్చు వేయాలి. పాతబడ్డ డబ్బాను మార్చే ఖర్చు ఆసామిది. తెగితే కూలి కోయరాదు, వైద్యం చేయించాలి.

ఈలోగా మన పని మనం చేద్దాం. పొద్దున్నే డబ్బా ఎత్తకముందు చెవులు చూడండి. తెల్లటి గీతలు, సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ డబ్బా ముట్టొద్దు. ఒక్కరు కాదంటే ఆసామి ఇంకొకర్ని పిలుస్తాడు. ముఠా అంతా కాదంటే కొత్త డబ్బా తెస్తాడు.