ఆట ఇంకా రాలేదు, దొంగలు వచ్చేశారు

పిల్లలున్న ప్రతి ఇంటికీ ముందుగా ఒక్క మాట. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 (జీటీఏ 6) అనే ఆట ఇంకా విడుదల కాలేదు. 2025లో వస్తుందన్నారు, 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19కి జరిపారు. ఇదంతా ఆట తయారుచేస్తున్న రాక్‌స్టార్ గేమ్స్ స్వయంగా చెప్పిన మాట. ఆ రోజున వస్తుందని చెప్పింది కూడా ప్లేస్టేషన్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మెషీన్లకు మాత్రమే. ఫోన్లో ఆడుకునే జీటీఏ 6ను కంపెనీ ప్రకటించనే లేదు. కాబట్టి "జీటీఏ 6 మొబైల్", "బీటా", "ఎర్లీ యాక్సెస్" అంటూ మీ పిల్లవాడికి వచ్చిన లింకు ఏదైనా సరే, అది దొంగ లింకే. తెరిచి చూసి తేల్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇంత ఖరాఖండిగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. హైదరాబాద్ చందానగర్‌లో మేమూ మా తమ్ముడి కుటుంబమూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. వాళ్లు రెండో అంతస్తు, మేం నాలుగు. ఆ శనివారం సాయంత్రం తమ్ముడు షిఫ్టులో ఉన్నాడు. మరదలు ఫోను చార్జింగ్‌కు పెట్టి కూరగాయలకు వెళ్లింది. తొమ్మిదో తరగతి చదివే వాళ్ల అబ్బాయి మెట్లెక్కి వచ్చి మా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"పెద్దనాన్నా, ఒకసారి అమ్మ ఫోను చూస్తావా? గేమ్ ఇన్‌స్టాల్ అయింది గానీ ఐకాన్ కనబడట్లేదు" అన్నాడు. వాడి మొహంలో ఆట ధ్యాస లేదు. భయం ఉంది.

డౌన్‌లోడ్స్‌లో ఫైలు కనబడింది. పేరు చివర ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు. సైజు 38 ఎంబీ. 2013 నాటి జీటీఏ 5కే ఇప్పుడు కంప్యూటర్‌లో 100 జీబీకి పైగా చోటు కావాలి. దాని తర్వాతి ఆట 38 ఎంబీలో ఎలా ఇముడుతుంది? వాడికి లింకు దొరికింది ఒక వీడియో కింద. ఆ వీడియోలోని గొంతు ముందే ధైర్యం చెప్పిందట, ఫోను వార్నింగ్ ఇస్తుంది, పట్టించుకోవద్దు, ముందుకు నొక్కండి అని. ఫోను నిజంగానే హెచ్చరించింది. వీడు ముందుకే నొక్కాడు. ఆ తర్వాత యాప్ మూడు అనుమతులు అడిగింది. మెసేజ్‌లు చదవడానికి ఒకటి, నోటిఫికేషన్లు చూడటానికి ఒకటి, మూడోది యాక్సెసిబిలిటీ. మూడింటికీ అలో నొక్కాడు.

ఈ మూడోదాని గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చూపు సరిగా లేనివాళ్లకు, వేళ్లు సరిగా కదలనివాళ్లకు ఫోను వాడకంలో సాయంగా ఉండాలని పెట్టిన సదుపాయం అది. దాన్ని ఏ యాప్ చేతికిస్తే ఆ యాప్ మీ తెర మీదున్నది చదవగలదు, మీ బదులు తానే నొక్కగలదు. ఒక ఆటకు దానితో పనే లేదు. ఐకాన్ కనబడకపోవడం కూడా పొరపాటున జరిగింది కాదు. మనం తీసేయకుండా అది దాక్కుంది.

ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాను, సిమ్ బయటికి తీశాను, నా ఫోను నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు చేశాను. అప్పటికే 9,000 చొప్పున రెండుసార్లు పోయాయి. ఓటీపీ వచ్చిన సంగతి ఆ ఫోను ఎవరికీ చూపించలేదు. తర్వాత తెలిసింది, పైకి రావడానికి ముందు వాడు అరగంటసేపు మంచం మీద ఊరికే కూర్చున్నాడని, నాన్న కొడతాడేమోనని. డబ్బు పోయింది ఆ అరగంటలోనే. 18,000 ఇంతవరకు తిరిగి రాలేదు.

పిల్లలు ఎందుకు నమ్ముతున్నారో చూడండి. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఇదే వరసలోని పాత ఆటలు నిజంగానే ఫోన్లలోకి వచ్చాయి. వైస్ సిటీ 2012లో, శాన్ ఆండ్రియాస్ 2013లో. అవి వచ్చినప్పుడు ఇది మాత్రం ఎందుకు రాదని వాళ్ల లెక్క. పైగా చేతిలో ఫోను ఉంది గానీ ప్లేస్టేషన్ ఎన్ని ఇళ్లలో ఉంది? దేశమంతా ఎదురుచూస్తున్న ఆట తన ఫోన్లో రాదంటే పధ్నాలుగేళ్ల పిల్లవాడికి మనసొప్పదు. దొంగకు తెలిసింది ఇదే.

దానికి తోడు "ఫస్ట్ ఇంప్రెషన్స్" పేరుతో వచ్చే వీడియోలు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బయటివాళ్లెవరూ ఆడని ఆట ఎలా ఉందో పది నిమిషాలు చెబుతారు. 2022 సెప్టెంబర్‌లో కంపెనీ నుంచి దొంగిలించి బయటపెట్టిన తయారీ దశ దృశ్యాలు, 2023 డిసెంబర్, 2025 మే నెలల్లో వచ్చిన ట్రైలర్ల ముక్కలు, ఇతర ఆటల్లోంచి కోసిన సీన్లు కలిపి అతికిస్తారు. దానికి ఒక ఫోను ఫ్రేము తగిలిస్తే చాలు, ఫోన్లో ఆడుతున్నట్టే ఉంటుంది. కింద లింకు సిద్ధం.

మా తరం కూడా దొంగ సరుకుతోనే ఆడింది, ఆ నిజం దాచనవసరం లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల వంద రూపాయల సీడీ కొని తెచ్చుకున్న వాళ్లం. అందులో వైరస్ ఉంటే కంప్యూటర్ ఫార్మాట్ చేయించుకునేవాళ్లం, ఓ ఆదివారం పోయేది. అప్పటి కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా లేదు. ఇప్పటి ఫోన్లో జీతం ఉంది, ఆధార్ ఉంది, అమ్మమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. "మేమూ ఇలాగే ఆడాం, ఏమైంది" అనే తండ్రులు ఈ తేడా చూడాలి.

ఇది ఒక్క ఆట గొడవ కూడా కాదు. ఆట పేరు మోగిపోతూ ఉండి, అసలు దుకాణంలో మాత్రం దొరకనప్పుడల్లా ఈ సందు తెరుచుకుంటూనే ఉంది. 2018 ఆగస్టులో ఫోర్ట్‌నైట్ ఆండ్రాయిడ్‌కు వచ్చినప్పుడు ప్లే స్టోర్‌లో పెట్టకుండా సొంత సైటు నుంచే దించుకోమన్నారు. ఆ ఇన్‌స్టాలర్‌లో లోపం ఉందని, ఫోన్లో ఉన్న మరో యాప్ దాని చాటున దొంగ యాప్‌ను ఎక్కించగలదని గూగుల్ బయటపెట్టింది. వెంటనే సరిచేశారు. అసలు కంపెనీ సైటుకే అలా ఉంటే ఊరూపేరూ లేని లింకు సంగతేమిటి?

మన దగ్గర చూస్తే, 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. దాని బదులు 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. 10 కోట్ల మంది నమోదయ్యారని 2022 జులైలో దాని కంపెనీ క్రాఫ్టన్ చెప్పుకుంది. అదే నెల 28న గూగుల్, ఆపిల్ స్టోర్లు రెండింటిలోనూ ఆట మాయమైంది. ఎందుకో, ఎన్నాళ్లో ఆడేవాళ్లకు ఎవరూ సరిగా చెప్పలేదు. తిరిగి వచ్చింది 2023 మే నెలాఖరున. పది నెలలు! ఫోన్ మార్చిన పిల్లవాడు ఆ పది నెలలూ ఏం చేస్తాడు? స్నేహితుణ్ని ఫైలు పంపమంటాడు, లేదంటే వెతుకుతాడు. ఫ్రీ ఫైర్ కథ ఇంకా పాఠం లాంటిది. 2022 ఫిబ్రవరి 14న నిషేధం. 2023 ఆగస్టు 31న, ఫ్రీ ఫైర్ ఇండియా సెప్టెంబర్ 5న వస్తుందని ధోనీ బొమ్మతో ప్రకటన. విడుదలకు ఒక్క రోజు ముందు వాయిదా. రేపే అని ఆశపడ్డ పిల్లలకు రేపు రాలేదు. ఆ ఆశనే "ఇదిగో ఫైల్" అన్నవాళ్లు సొమ్ము చేసుకున్నారు.

ఆటల కంపెనీలకు, ప్రభుత్వానికి ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఆటను తీసేసినా, వాయిదా వేసినా ఆ రోజే తెలుగులో, హిందీలో, పిల్లలకు అర్థమయ్యే నాలుగు వాక్యాల్లో ప్రకటించండి. ఫోనుకు లేకపోతే లేదని చెప్పండి. మీరు మౌనంగా ఉన్న ప్రతి రోజూ ఎవరో ఒకరు మీ పేరుతో మాట్లాడుతున్నారు.

పెద్ద పిల్లలు, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు పడే గొయ్యి వేరు. నాలుగు వేల ఆట మూడు వందలకే అని అకౌంట్లు అమ్మేవాళ్లు తగులుతారు. వాళ్ల లాగిన్ మీకిస్తారు, మీరు ఆట దించుకుని ఆఫ్‌లైన్‌లో ఆడుకోవాలి. అదే లాగిన్ ఇంకో యాభై మందికి కూడా అమ్ముతారు. అకౌంట్లు అమ్ముకోవడాన్ని కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ దుకాణం నిబంధనలే ఒప్పుకోవు. రేపు పాస్‌వర్డ్ మారితే మీ మూడు వందలు ఎవరినీ అడగలేరు. అసలు దుకాణంలో కొంటే కనీసం ఒక రక్షణ ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వెనక్కి అడగవచ్చు.

అసలు ఆటనైనా మొదటి రోజే కొనేయాలన్న తొందర వద్దు. 2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 వచ్చింది. ముందస్తు సమీక్షలు కంప్యూటర్‌లో ఆడి రాసినవి. పాత ప్లేస్టేషన్‌లో అది ఎలా నడుస్తుందో కొన్నాక తెలిసింది. వారం తిరిగేసరికి సోనీయే తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది. రెండు వారాలు ఆగినవాళ్లు బతికిపోయారు.

ఇక మన ఐటీ కారిడార్ సంగతి. చందానగర్, మదీనాగూడ, మియాపూర్, లింగంపల్లిలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా ఐటీ ఉద్యోగి కనబడతారు. ఏటా సైబర్ సెక్యూరిటీ ట్రైనింగ్ పూర్తి చేస్తారు, అనుమానపు మెయిల్ వస్తే రిపోర్ట్ చేస్తారు. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే హక్కు చాలామందికి ఉండదు, దానికి ఎవరూ నొచ్చుకోరు. మా తమ్ముడూ ఆ కోవలోనివాడే. అదే మనిషి ఇంట్లో, బ్యాంకు ఖాతా ఉన్న ఫోను ఏ తాళం లేకుండా పిల్లవాడి చేతికి చిక్కింది. కంపెనీ డేటాకు ఇచ్చిన విలువ సొంత ఇంటి డబ్బుకు ఇవ్వకపోతే ఎలా? 2022లో అంబర్‌పేటలో పదహారేళ్ల కుర్రాడు ఫ్రీ ఫైర్‌లో పెట్టిన ఖర్చు తల్లి ఖాతాలోంచి 36 లక్షలు తినేసిందని పోలీసుల దగ్గరికి వెళ్లేదాకా వచ్చింది. అక్కడ దొంగ యాప్ కూడా లేదు, తాళం లేని ఫోను చాలింది.

పొరపాటు జరిగిపోతే ఏం చేయాలో కూడా చెబుతాను. ముందు ఫోనుకు ఇంటర్నెట్ కోయండి. వేరే ఫోను నుంచి 1930కి చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకు చెప్పి ఖాతానూ యూపీఐనీ ఆపించండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. దొంగ ఖాతాలోంచి డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే దాన్ని పట్టి ఆపాలి, అందుకే తొలి గంట అంత విలువైనది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన నిర్లక్ష్యం వల్లే డబ్బు పోయినా, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మాత్రమే మన నష్టం. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అంటే సిగ్గుపడి కూర్చున్న ప్రతి నిమిషానికీ మనమే డబ్బు కడుతున్నాం. ఆ తర్వాత ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోను నుంచి మార్చండి. దొంగ యాప్ ఇంకా ఉన్న ఫోనులోనే పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కూడా వాడికి చెప్పినట్టే.

పిల్లవాణ్ని కొట్టకండి. మా వాడు ఆ అరగంట కూర్చుంది తండ్రి చేతికి భయపడి. వచ్చి చెబితే తిట్టనని ఈ రోజే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి. స్కూళ్లు ప్రార్థన సమయంలో ఒక్క నిమిషం ఈ సంగతి చెప్పాలి. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో నీళ్ల ట్యాంకర్ కబురు పెట్టినట్టే ఇదీ పెట్టాలి.

ఈ రాత్రి పడుకునేలోగా ఇంట్లో ప్రతి ఆండ్రాయిడ్ ఫోనూ తీసి, సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లను ఎక్కించే అనుమతి ఏ యాప్‌కు ఉందో చూసి అన్నిటికీ ఆపేయండి. యాక్సెసిబిలిటీలో మీకు తెలియని పేరు ఉందేమో చూడండి. 1930 అనే నంబరును ఫోన్లో దాచుకోకండి, ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించండి. అవసరం పడిన రోజున ఆ ఫోను మీ చేతుల్లో ఉండదు.